గేటు దగ్గర రెండో మనిషి

(మారతహళ్ళిలో మన ట్రస్టు నిర్వహించిన విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను “నెట్‌వర్కింగ్ రంగంలో అవకాశాలు” అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ పేరుతో ప్రసంగం చేస్తే అన్నీ చెప్పినట్టే ఉంటుంది గానీ ఇంటికి తీసుకుపోవడానికి ఏమీ మిగలదు. అందుకని వారి అనుమతితో ఆ రంగంలోని ఒక్క చిన్న పనిని తీసుకొని, అమ్మానాన్నలకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. రెండు స్విచ్‌లను కలిపి, ఒకటి పోతే రెండోది ఆ పని అందుకొనేలా ఒకే గేట్‌వేగా నిలబెట్టడం ఆ పని. ఇదే ఎందుకంటే, నేను ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసేటప్పుడు మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తడబడేది తెలివి లేక కాదు. నేర్చుకున్న తీరు వల్ల.

మారతహళ్ళి వంతెన చుట్టుపక్కల సీసీఎన్ఏ, సీసీఎన్‌పీ అని రాసిన బోర్డులు ఎన్ని ఉన్నాయో మీరంతా చూసే ఉంటారు. సిస్కో సంస్థ తన పెద్ద క్యాంపస్‌ను 2007 లో ఇక్కడికి దగ్గరలోనే, కాడుబీసనహళ్ళి వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద తెరిచింది. ఆ రోడ్డు వెంబడి కంపెనీలు పెరిగిన కొద్దీ ఇక్కడ కోర్సులు, పీజీ హాస్టళ్ళు, ఆంధ్రా మెస్సులు పెరిగాయి. శుక్రవారం సాయంత్రం నెల్లూరు, ఒంగోలు, కడప బస్సుల కోసం బ్యాగులు పట్టుకొని నిలబడే పిల్లల్లో సగం మంది ఉద్యోగస్తులైతే, మిగతా సగం ఏదో ఒక కోర్సులో ఉన్నవాళ్ళే అనిపిస్తుంది నాకు. ఆ కోర్సు ఫీజు వెనక ఎవరింట్లోనో బంగారం తాకట్టులో ఉంటుంది. ఈ విషయం మళ్ళీ చెబుతాను.

ముందు పని సంగతి చూద్దాం. మన అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గర ఇంటర్‌కమ్ ఫోను ఉంటుంది కదా. ఏ ఫ్లాటు నుంచైనా 9 నొక్కితే గేటుకు పోతుంది అనుకోండి. పగలు ఒక వాచ్‌మన్ ఉంటాడు, రాత్రి ఇంకొకాయన వస్తాడు. మనం మనిషి పేరు చూసి ఫోను చేయం, గేటు నంబరుకు చేస్తాం. ఆ పూట కుర్చీలో ఎవరుంటే వాళ్ళు ఎత్తుతారు. మనిషి మారినప్పుడల్లా రెండు వందల ఫ్లాట్లకూ కొత్త నంబరు పంపాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆఫీసులో కంప్యూటరు పరిస్థితి కూడా ఇదే. తన విభాగంలో ఉన్న, అంటే తన వీలాన్‌లో ఉన్న, కంప్యూటర్లతో అది నేరుగా మాట్లాడుకుంటుంది. అంతకు మించి బయటకు వెళ్ళాలంటే దానికి తెలిసిన అడ్రసు ఒక్కటే. దాన్నే డిఫాల్ట్ గేట్‌వే అంటారు. ఆ అడ్రసు సాధారణంగా రౌటింగ్ చేసే ఒక పెద్ద స్విచ్‌ది అయి ఉంటుంది. ఆ స్విచ్ ఆగిపోయిందనుకోండి. కంప్యూటరు బాగానే ఉంటుంది, వైరు బాగానే ఉంటుంది, ఇంటర్నెట్ లైను కూడా బాగానే ఉంటుంది. పని మాత్రం ఆగిపోతుంది. సరే, జాగ్రత్తకు పక్కన ఇంకో స్విచ్ కొని పెట్టామనుకుందాం. అయినా లాభం లేదు. దాని అడ్రసు వేరు, కంప్యూటరుకు ఆ అడ్రసు తెలియదు. రెండో వాచ్‌మన్‌ను జీతానికి పెట్టుకొని, అతనికి వేరే నంబరు ఇచ్చి, ఆ నంబరు ఎవరికీ చెప్పకపోవడం లాంటిది అది. లక్షలు పోసి రెండో స్విచ్ కొంటే సరిపోదు, ఆ రెంటి మధ్య ఒక ఒప్పందం ఉండాలి.

ఆ ఒప్పందం రాసిన పద్ధతుల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి సిస్కో వారి హాట్ స్టాండ్‌బై రౌటర్ ప్రోటోకాల్, పొట్టిగా హెచ్ఎస్ఆర్‌పీ. 1998 మార్చిలో ఇది ఆర్ఎఫ్‌సీ 2281 గా బయటికి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే ఏ కంపెనీ పరికరంలోనైనా వాడుకోగల వీఆర్ఆర్‌పీ, ఆర్ఎఫ్‌సీ 2338 గా వచ్చింది. ఈ రెండోదాన్ని 2004 లో, 2010 లో, చివరగా 2024 లో ఆర్ఎఫ్‌సీ 9568 పేరుతో సవరించారు. పాత పుస్తకాల్లో వీఆర్ఆర్‌పీ గురించి చదివితే పనిలో ఉన్న రౌటర్‌ను ‘మాస్టర్’ అని రాసి ఉంటుంది. 2024 పత్రంలో దాన్ని ‘యాక్టివ్’ అన్నారు. రెండు మాటలూ ఒకదాన్నే చెబుతాయి కాబట్టి పరీక్షలో కంగారు పడకండి.

పని జరిగే తీరు ఇది. మొదటి స్విచ్ సొంత అడ్రసు 192.168.10.2 అనుకోండి. రెండోదానిది 192.168.10.3. ఈ రెండూ కాక 192.168.10.1 అనే మూడో అడ్రసును ఉమ్మడిగా పెడతాం. అది ఏ పెట్టెదీ కాదు, ఇంటర్‌కమ్‌లో 9 లాంటిది. కంప్యూటర్లన్నిటికీ గేట్‌వేగా ఆ ఉమ్మడి అడ్రసే ఇస్తాం. మామూలుగా మొదటి స్విచ్ ఆ అడ్రసుకు పలుకుతుంది, రెండోది కాచుకొని ఉంటుంది. హెచ్ఎస్ఆర్‌పీలో మొదటిది 3 సెకన్లకోసారి ‘హలో’ అనే చిన్న సందేశం పంపుతూ ఉంటుంది. రాత్రిపూట మన వీధుల్లో గూర్ఖా విజిల్ వేస్తూ తిరిగేవాడు చూడండి, అలా. 10 సెకన్లపాటు విజిల్ వినపడకపోతే రెండోది “ఇక నేనే” అని కుర్చీలో కూర్చుంటుంది. వీఆర్ఆర్‌పీలో సందేశం సెకనుకోసారి వెళ్తుంది కాబట్టి మార్పు దాదాపు మూడున్నర సెకన్లలోనే జరిగిపోతుంది. ఈ అంకెలన్నీ మనం మార్చుకోవచ్చు, నేను చెప్పినవి మొదట్లో వచ్చే విలువలు.

ఇందులో నాకు ఇష్టమైన సూక్ష్మం ఒకటుంది. ఉమ్మడిగా ఉండేది ఐపి అడ్రసు మాత్రమే కాదు, దాని కింద ఉండే మ్యాక్ అడ్రసు కూడా ఉమ్మడిదే. వీఆర్ఆర్‌పీలో అది 00-00-5ఇ-00-01 తో మొదలై, చివర గ్రూపు సంఖ్యతో ముగుస్తుంది. అందువల్ల స్విచ్ మారినా కంప్యూటరు తన దగ్గర రాసిపెట్టుకున్నది చెరిపి కొత్తగా రాసుకోవాల్సిన పని లేదు. మధ్యలో ఉన్న చిన్న స్విచ్‌లకు మాత్రం “ఈ మ్యాక్ ఇకమీదట ఈ వైపు ఉంది” అని తెలియాలి. కొత్తగా పని అందుకున్న స్విచ్ ఎవరూ అడగకుండానే ఒక ఏఆర్‌పీ సందేశం పంపి ఆ సంగతి చాటేస్తుంది. విద్యార్థులు ఇంటికెళ్ళాక వైర్‌షార్క్ పెట్టి ఈ సందేశం ఒక్కటి కళ్ళతో చూడండి. పది పేజీలు చదివిన దానికన్నా బాగా గుర్తుంటుంది.

ఎవరు ముందు కూర్చోవాలో నిర్ణయించేది ప్రయారిటీ. ఏమీ చెప్పకపోతే అందరికీ 100. మొదటి స్విచ్‌కు 110 ఇస్తే అది పనిలో ఉంటుంది. ఇంటర్వ్యూలో ఇంతవరకూ మన పిల్లలందరూ చెబుతారు, చకచకా చెబుతారు. “స్టాండ్‌బై 10 ఐపి 192.168.10.1, స్టాండ్‌బై 10 ప్రయారిటీ 110, స్టాండ్‌బై 10 ప్రీఎంప్ట్” అని ఎక్కడా ఆగకుండా ఒప్పజెబుతారు. అప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను. “బాబూ, మొదటి స్విచ్ నిక్షేపంగా ఉంది. దాని నుంచి బయటికి వెళ్ళే లైను మాత్రం తెగింది. ఏమవుతుంది?” చాలామంది “రెండో స్విచ్ తీసుకుంటుంది సార్” అంటారు. తీసుకోదు.

కొన్నేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో జరిగింది సరిగ్గా ఇదే. పేరు మనకు అక్కర్లేదు. అక్కడ రెండు పెద్ద స్విచ్‌లు ఉన్నాయి, హెచ్ఎస్ఆర్‌పీ పెట్టారు, కాగితం మీద అంతా భేషుగ్గా ఉంది. సర్వర్లు పక్క భవనంలో ఉన్నాయి. రెండు స్విచ్‌ల నుంచీ అక్కడికి చెరో లైను ఉంది. ఎవరో తవ్వుతుంటే మొదటి స్విచ్ లైను తెగింది. రక్తపరీక్షల రిపోర్టులు వార్డుల్లో కనపడడం ఆగిపోయింది. ఫార్మసీలో బిల్లు రావడం లేదు. నర్సులు రిపోర్టులు చేత్తో రాయించుకొని, కాగితాలు పట్టుకొని నాలుగంతస్తులు ఎక్కీ దిగీ తిరిగారు. ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకు స్విచ్‌లు, లైన్ల సంగతి ఏం తెలుస్తుంది? రిపోర్టు ఎందుకు రాలేదో చెప్పండి అని కౌంటరు దగ్గర వాళ్ళ మీద కేకలు వేస్తున్నారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయికీ తెలియదు.

మమ్మల్ని పిలిపించాక వెళ్ళి చూస్తే, రెండో స్విచ్ చక్కగా కాచుకొని కూర్చుంది. దాని లైను బాగానే ఉంది. కానీ అది చూస్తున్నది లైనును కాదు, విజిల్‌ను. మొదటి స్విచ్‌కు కరెంటు ఉంది, ప్రాణం ఉంది, 3 సెకన్లకోసారి విజిల్ వేస్తూనే ఉంది. వాచ్‌మన్ మెలకువగానే ఉన్నాడు, అతని వెనకున్న గేటుకు మాత్రం తాళం పడింది. అందరూ అతని దగ్గరికే వస్తున్నారు, ఎవరూ బయటికి పోలేకపోతున్నారు. మొదటి స్విచ్‌కు వచ్చినదాన్ని రెండోదాని మీదుగా పంపే దారి కూడా వాటి మధ్య పెట్టలేదు. ఆ పూట మేం చేసింది పెద్ద పనేమీ కాదు. రెండో స్విచ్‌కు ప్రీఎంప్ట్ ఇచ్చి, మొదటిదాని ప్రయారిటీ 90 కి తగ్గించాం. కొన్ని క్షణాల్లో రిపోర్టులు కదిలాయి. అప్పటికి గంటన్నర గడిచింది.

దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. ట్రాకింగ్ అంటారు. “బయటి లైను మీద ఒక కన్ను వేసి ఉంచు, అది పడిపోతే నీ ప్రయారిటీ నువ్వే తగ్గించుకో” అని మొదటి స్విచ్‌కు చెప్పడం. ఇక్కడ ఎక్కాలు తెలిస్తే చాలు. 110 లోంచి 10 తగ్గిస్తే 100. అవతలిదానిదీ 100. సరిసమానం అయింది గానీ తక్కువ కాలేదు, దాన్ని నమ్ముకోకూడదు. 20 తగ్గిస్తే 90, ఇప్పుడు రెండోదానిది ఎక్కువ. అయినా రెండోది లేచి కుర్చీ తీసుకోవాలంటే దానికి ప్రీఎంప్ట్ అనే అనుమతి ఉండాలి. హెచ్ఎస్ఆర్‌పీలో ఆ అనుమతి మనం ఇస్తే తప్ప ఉండదు. వీఆర్ఆర్‌పీలో మొదటి నుంచే ఉంటుంది. మొదటి స్విచ్ ఒక్కదానికే ప్రీఎంప్ట్ ఇచ్చి వదిలేసినవాళ్ళను నేను చాలాసార్లు చూశాను. పుస్తకంలో ఉదాహరణ అలా ఉంటుంది, దాన్నే దించేస్తారు.

ఇంకో రెండు మాటలు విద్యార్థుల కోసం త్వరగా చెబుతాను. మొదటి స్విచ్ ఆగి మళ్ళీ లేచినప్పుడు వెంటనే కుర్చీ లాక్కోనివ్వకండి. బయటి దారులన్నీ అది తెలుసుకోవడానికి కొంత సమయం పడుతుంది, అందుకే ప్రీఎంప్ట్‌కు కొంత ఆలస్యం పెట్టే వీలుంది. రెండోది, స్విచ్‌ల మధ్య లైను తెగితే ఒకదాని విజిల్ ఒకదానికి వినపడదు. అప్పుడు రెండూ “నేనే” అంటాయి. అందుకని వాటి మధ్య ఒకటికి రెండు తీగలు వేయండి. స్పానింగ్ ట్రీలో రూట్‌గా ఉండే స్విచ్, గేట్‌వేగా పనిలో ఉండే స్విచ్ ఒకటే అయ్యేలా చూసుకోండి, లేకపోతే ట్రాఫిక్ అనవసరంగా చుట్టు తిరుగుతుంది.

ఇవన్నీ చేసినా ఒక సంగతి మిగులుతుంది. రెండు స్విచ్‌లూ ఒకే బీరువాలో, ఒకే కరెంటు లైను మీద ఉంటే అవి రెండు కాదు, ఒకటే. 2008 జనవరి 30 న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం కింద రెండు పెద్ద కేబుళ్ళు దెబ్బతిన్నాయి. పేరుకు రెండు వేర్వేరు కేబుళ్ళు, కానీ రెండూ ఆ ప్రాంతం మీదుగానే పోతున్నాయి. మన దేశంలో ఇంటర్నెట్ బాగా నెమ్మదించింది, అప్పట్లో ఇక్కడి కంపెనీలు పడ్డ ఇబ్బంది ఈ సభలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అంత దూరం ఎందుకు, 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు ఎన్ని బేస్‌మెంట్లలోకి నీళ్ళు వచ్చాయో మీరు చూశారు. బేస్‌మెంటులో పెట్టిన పెట్టెకు బేస్‌మెంటులోనే బదులు పెట్టెను పెడితే నీళ్ళకు రెండూ ఒకటే కదా.

ఇప్పుడు తాకట్టు బంగారం సంగతికి వస్తాను. తల్లిదండ్రులు నన్ను తరచు అడిగే ప్రశ్న, “ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించమంటారు?” అని. నేను పేర్లు చెప్పను. కానీ డబ్బు కట్టే ముందు మీరే వెళ్ళి ఒక ప్రశ్న అడగండి. “మా అబ్బాయి, మా అమ్మాయి తన చేత్తో కేబులు లాగి, నెట్‌వర్కు పడిపోవడం, లేవడం చూసే అవకాశం ఉంటుందా?” ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, తెలుగులోనే అడగండి, మారతహళ్ళిలో అర్థం చేసుకునేవాళ్ళకు కొదవ లేదు. “ల్యాబ్ ఉంది మేడమ్” అంటే ఎంతమందికి ఎన్ని స్విచ్‌లు, వారానికి ఎన్ని గంటలు అని అడగండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ గురించి మాట్లాడి, ల్యాబ్ గురించి నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

అసలు చాలామందికి మొదటి రెండు మూడు నెలలు ఏ కోర్సూ అవసరం లేదని నా అభిప్రాయం. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో హెచ్ఎస్ఆర్‌పీ చేసి చూడవచ్చు. వీఆర్ఆర్‌పీ కావాలంటే ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో రెండు చిన్న లైనక్స్ వర్చువల్ మెషీన్లు పెట్టుకొని కీప్‌అలైవ్‌డీ అనే ప్రోగ్రామ్ వేసుకోండి, అదీ ఉచితమే. సీసీఎన్ఏ పరీక్షలో ఈ విషయం ఎందుకు, ఏమిటి అన్నంత వరకే అడుగుతారు. సెట్ చేసి చూపించడం ఆపై పరీక్షల్లో వస్తుంది. అందుకని “ఇది నా సిలబస్‌లో లేదు” అని వదిలేసేవాళ్ళున్నారు. ఆసుపత్రిలో లైను తెగినప్పుడు అది సిలబస్ చూసుకొని తెగదు.

నా దగ్గరికి ఒకసారి ఒక అమ్మాయి ఇంటర్వ్యూకు వచ్చింది. ఇంజనీరింగ్ కాదు, బీఎస్సీ. ఆ బయటి లైను ప్రశ్న అడిగాను. కొంచెం ఆలోచించి, “సార్, ట్రాకింగ్ కమాండ్ నాకు గుర్తు లేదు. కానీ నేను ప్యాకెట్ ట్రేసర్‌లో ఆ లైను తీసేసి చూశాను, పింగ్ ఆగిపోయింది. స్విచ్‌ను ఆపేస్తే మాత్రం మళ్ళీ వచ్చింది. రెంటికీ తేడా ఎందుకని రెండు రోజులు వెతికాను” అంది. కమాండ్ గుర్తు లేకపోతే మాన్యువల్ ఉంది. ఆ రెండు రోజులు వెతకడం ఏ మాన్యువల్లోనూ దొరకదు. మిగతా ప్రశ్నలు మర్యాద కోసం అడిగాను గానీ నా నిర్ణయం అప్పుడే అయిపోయింది.

మరి ఈ పని రేపు ఉంటుందా అని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. క్లౌడ్‌కు వెళ్ళిన కంపెనీల్లో గేట్‌వే సంగతి క్లౌడ్ వాళ్ళే చూసుకుంటారు. పెద్ద డేటా సెంటర్లలో చాలాచోట్ల ఇప్పుడు ఒకటి పనిలో, ఒకటి కాపలాలో అనే పద్ధతి కాకుండా, అన్ని స్విచ్‌లూ ఒకే గేట్‌వే అడ్రసుకు ఒకేసారి పలికే ఏర్పాటు చేస్తున్నారు. పైథాన్‌తో వందల స్విచ్‌లకు ఒకేసారి కమాండ్లు పంపుతున్నారు, కాబట్టి కమాండ్లు టైపు చేసే పని ఒక్కటే వచ్చినవాళ్ళకు కష్టకాలమే. కానీ ఆసుపత్రులు, బ్యాంకు శాఖలు, ఫ్యాక్టరీలు, కాలేజీలు తమ భవనంలో స్విచ్‌లు పెట్టుకోక తప్పదు. ఏది పోతే ఏది అందుకుంటుంది, అందుకుంటుందని మనకు ఎలా తెలుసు అనే ప్రశ్న ఏ పద్ధతిలోనైనా అడగాల్సిందే.

దానికి జవాబు తెలుసుకోవడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే, నెలకో రెండు నెలలకో ఒకసారి కావాలని లైను తీసి చూడడం. ఇది పగటిపూట చేయనివ్వరు. ఆదివారం తెల్లవారుజామున రెండింటికి, ముందుగా అందరికీ చెప్పి, అనుమతి తీసుకొని చేస్తారు. ఈ రంగంలోకి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఇది కూడా తెలుసుకోవాలి. పండగకు ఊరొచ్చిన కొడుకో కూతురో అర్ధరాత్రి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే కోప్పడకండి. ఆఫీసులో అందరికీ సెలవైన రోజే వీళ్ళ పని మొదలవుతుంది.

చాలా సమయం తీసుకున్నాను. భోజనాల తర్వాత పక్క గదిలో రెండు పాత స్విచ్‌లు, నాలుగు ల్యాప్‌టాప్‌లు సిద్ధంగా పెట్టాం. ఎనిమిదేసి మంది చొప్పున రండి. రెండు రకాలుగా చూద్దాం, ఒకసారి మొదటి స్విచ్ కరెంటు తీసేసి, ఇంకోసారి దాని బయటి లైను మాత్రం లాగేసి. ట్రాకింగ్ కావాలనే పెట్టలేదు, అది మీరే పెట్టాలి. అమ్మానాన్నలు కూడా వచ్చి నిలబడి చూడవచ్చు, కేబులు లాగడానికి చదువు అక్కర్లేదు. మా వాళ్ళు సాయంత్రం ఐదింటి వరకు అక్కడే ఉంటారు.